తల్లులు నిలబెట్టిన కోట – తవాంగ్

కోట అనగానే మనకు గోల్కొండో, కొండవీడో, చంద్రగిరో గుర్తుకొస్తుంది కదండీ! రాజుగారి సభ, రాణివాసం, ఫిరంగులు, గుర్రపుశాలలు... ఇవేవీ లేని కోట ఒకటుంది. అందులో రాజు లేడు. రాణి అసలే లేదు. ఉన్నదల్లా ఎర్రటి బట్టలు చుట్టుకున్న సన్యాసులు, వాళ్ల మధ్య పరుగులు పెట్టే గుండు పిల్లలు. అరుణాచల్ ప్రదేశ్‌లో దాదాపు పదివేల అడుగుల ఎత్తున ఉన్న తవాంగ్ బౌద్ధ మఠం గురించే చెబుతున్నాను. మన దేశంలో ఉన్న బౌద్ధ మఠాలన్నిటిలోకీ పెద్దది ఇదేనట.

కిందటి అక్టోబరులో మా వారు, నేను, మా మరిది, తోటికోడలు కలిసి వెళ్లొచ్చాం. మంచుకొండలు ఎంత బాగున్నాయో, జలపాతాలు ఎలా దూకుతున్నాయో ఎవరైనా చెబుతారు. ఆ కోటను మూడు వందల నలభై ఏళ్లుగా ఎవరు పోషిస్తున్నారు, ఎవరి పిల్లలతో అది నిండుతోంది అన్న సంగతి మాత్రం ఆడవాళ్లం మనం మనం చెప్పుకోవలసిందే.

కొండ మీద కొండ

హైదరాబాదు నుంచి గౌహతి వరకు విమానంలో వెళ్లాం. అక్కణ్ణుంచి జీపు. తేజ్‌పూర్ దాటాక భాలుక్‌పాంగ్ దగ్గర అరుణాచల్ సరిహద్దు వస్తుంది. అక్కడ మన అనుమతి పత్రాలు చూస్తారు. ఇక అక్కణ్ణుంచి ఎక్కడమే ఎక్కడం. అరటి చెట్లు, వెదురు పొదలు పోయి పైన్ చెట్లొస్తాయి. అవీ పోయి రాళ్లు, గడ్డి, పొగమంచు మిగులుతాయి. బొమ్‌డిలా చూసుకుని, దిరాంగ్‌లో రాత్రి పడుకుని, తెల్లవారి సేలా కనుమ ఎక్కాం. దాని ఎత్తు సుమారు 13,700 అడుగులు. పైన చిన్న సరస్సు. గాలికి రంగురంగుల ప్రార్థన జెండాలు రెపరెపలాడుతూ ఉంటే మా తోటికోడలు "అక్కా, ఎవరింట్లోనో పెళ్లి పందిరి వేసినట్టుంది" అంది.

2024 మార్చిలో సేలా సొరంగం ప్రారంభించారు. అంతకుముందు మంచు పడితే కనుమ మూసుకుపోయి తవాంగ్‌కు దారి ఉండేది కాదు. ఇప్పుడు కావాలంటే కనుమ పైకి ఎక్కి చూడొచ్చు, వద్దనుకుంటే సొరంగంలోంచి వెళ్లిపోవచ్చు. మేము వెళ్లేటప్పుడు పైనుంచి వెళ్లి, వచ్చేటప్పుడు సొరంగంలోంచి వచ్చాం.

గుర్రం చూపించిన చోటు

కనుమ దిగి, మళ్లీ ఒక లోయ దాటి మలుపు తిరిగేసరికి కనిపించిందండీ! కొండ మొన మీద తెల్లటి గోడలు, పసుపు రంగు కప్పులు. చుట్టూ లోయలు. ఒక్క ఉత్తరం వైపు నుంచే కొండ శిఖరం వెంట లోపలికి దారి. పగవాడు వస్తే ఆ ఒక్క దారి కాచుకుంటే చాలు. కోట కట్టేవాళ్లు చూసే చోటు అది.

నిజంగానే అలా చూసే కట్టారు. 1680–81లో మేరక్ లామా లోద్రే గ్యాత్సో అనే ఆయన ఐదవ దలైలామా ఆజ్ఞ మీద దీన్ని నిర్మించాడు. అప్పట్లో ఈ ప్రాంతంలో బౌద్ధంలోనే వేరు వేరు శాఖల మధ్య గొడవలు. పక్కనే భూటాన్. అక్కడి శాఖ వేరు, వీళ్ల శాఖ వేరు. అందుకే మఠం కట్టినా కోటలా కట్టుకోవలసి వచ్చింది.

చోటు ఎంచుకోవడం గురించి అక్కడివాళ్లు ఒక ముచ్చట చెబుతారు. ఎక్కడ కట్టాలో తెలియక లామా గుహలో కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నాడట. బయటికొచ్చి చూస్తే ఆయన గుర్రం లేదు. వెతగ్గా వెతగ్గా పూర్వం ఒక రాజు మేడ ఉన్న ఈ కొండ మీద నిలబడి ఉందట. సరే, ఇదే చోటు అనుకున్నాడు. వాళ్ల భాషలో 'తా' అంటే గుర్రం, 'వాంగ్' అంటే ఎంచుకున్నది. అలా తవాంగ్ అయింది.

ఇంకో ముచ్చట నాకు మరీ నచ్చింది. గోడ ఎంత మేర కట్టాలని అడిగితే ఐదవ దలైలామా ఒక నూలు ఉండ ఇచ్చి, ఆ దారం ఎంత దూరం వస్తే అంత కట్టమన్నాడట! ఇప్పుడున్న ప్రహరీ 282 మీటర్లు, అంటే 925 అడుగులు. ఆ నూలు ఉండ వడికిన ఇల్లాలు ఎవరో గాని, నాలుగు పోగులు ఎక్కువే వడికింది తల్లి.

లోపల ఏముంది?

ముందుగా కాకాలింగ్ అనే ద్వారం. తల పైకెత్తితే కప్పు నిండా మండలాలు. మన సంక్రాంతి ముగ్గుల్ని రంగులతో సహా తీసి పైకప్పుకు అతికించినట్టు ఉంటాయి. లోపల 65 ఇళ్లు, సన్నటి సందులు, మధ్యలో పెద్ద ముంగిలి. ముంగిలికి ఒక పక్క మూడంతస్తుల ప్రార్థన మందిరం. అందులో బంగారు పూత పూసిన బుద్ధ విగ్రహం, మెడ నొప్పి పుట్టేలా తల ఎత్తి చూడాల్సినంత పెద్దది. ఎదురుగా వెన్న దీపాలు. నూనె కాదండీ, వెన్నే.

ఈ మఠాన్ని కాపాడే దేవత ఆడదేవత. పేరు పాల్దెన్ ల్హామో. మన కాళికలాగా ఉగ్రరూపం. ఆమె పటాన్ని ఐదవ దలైలామా ముక్కు నుంచి కారిన రక్తంతో వేశారని ప్రతీతి. లోపలున్నవాళ్లంతా మగవాళ్లు, కాపలా మాత్రం అమ్మవారిది!

గ్రంథాలయం కూడా చూడాలి. మన పుస్తకాల్లా కుట్టి ఉండవు. పొడవాటి విడి కాగితాలు, పైనా కిందా చెక్క పలకలు, చుట్టూ గుడ్డ. చంటిపిల్లకు పొత్తిగుడ్డ చుట్టినట్టు జాగ్రత్తగా చుట్టి అరల్లో పెడతారు. ఆ కాగితం ఇక్కడి మోన్‌పా జనం ఒక పొద చెట్టు బెరడుతో ఇంట్లోనే చేస్తారు. 'మోన్ శుగు' అంటారు. దాదాపు అడుగంటిపోయిన ఆ పనికి 2020 డిసెంబరులో ఖాదీ కమిషన్ వాళ్లు తవాంగ్‌లో మళ్లీ ఒక కేంద్రం పెట్టారు.

గ్రంథాలు రెండు రకాలట. కంగ్యుర్ బుద్ధుడి మాటలు, తెంగ్యుర్ భారతదేశపు ఆచార్యులు రాసినవి. ఆ తెంగ్యుర్‌లో మన ఆచార్య నాగార్జునుడి గ్రంథాలున్నాయి. ఎక్కడి కృష్ణ ఒడ్డు, ఎక్కడి తవాంగ్! అక్కడున్న ముసలి లామా ఒకాయన మాదే ఊరని అడిగి, ఆంధ్రా అనగానే "అమరావతీ!" అని రెండు చేతులూ జోడించాడు. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర జరిపినప్పుడు ఈయన కూడా వచ్చాడట. మేము అమరావతికి గంటన్నర దూరంలో ఉండి కూడా అప్పుడు వెళ్లలేదని మా వారు నా చెవిలో గొణిగారు.

వంటిల్లు చూడనిదే కాలు కదుపుతామా?

వంటిల్లు మన పెళ్లిళ్ల వంటశాలంత ఉంది. గోడలు పొగకు నల్లగా మెరుస్తున్నాయి. మనిషి కూర్చుంటే కనపడనంత రాగి గంగాళాలు. పొయ్యి దగ్గర పద్నాలుగేళ్ల పిల్లాడు మూరెడు గరిటెతో గంగాళం అడుగు అంటకుండా కలుపుతున్నాడు. పదివేల అడుగుల ఎత్తులో నీళ్లు తొంభై డిగ్రీల వేడికే మరిగిపోతాయి. అందుకని అన్నం, పప్పు ఒక పట్టాన ఉడకవు. ఇళ్లల్లో ప్రెషర్ కుక్కర్ లేనిదే గడవదు.

పొద్దున్నే ప్రార్థనలో బారులు తీరి కూర్చున్న సన్యాసులకు చిన్న పిల్లలు పెద్ద పెద్ద కెటిళ్లతో వెన్న టీ పోస్తారు. టీ ఆకు బాగా మరగబెట్టి, ఆ డికాక్షన్‌ని పొడవాటి చెక్క గొట్టంలో పోసి, వెన్న, ఉప్పు వేసి కర్రతో పైకీ కిందికీ దంచినట్టు చిలుకుతారు. అచ్చం మనం మజ్జిగ చిలికినట్టే. మీరూ ఇంట్లో చేసి చూడొచ్చు. నాలుగు కప్పుల నీళ్లలో రెండు చెంచాల టీ పొడి వేసి పది నిమిషాలు మరిగించి వడకట్టండి. అందులో పావు చెంచా ఉప్పు, రెండు చెంచాల వెన్న, అర కప్పు పాలు కలిపి మిక్సీలో ఒక నిమిషం తిప్పి వేడిగా తాగండి. ఒక్క మాట. టీ అనుకుని తాగితే నచ్చదు. చారు అనుకుని తాగండి, నచ్చుతుంది.

ఇంతమందికి రోజూ వండాలంటే సరుకు ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగాను. ఊళ్ల నుంచి అన్నారు. మొదటి నుంచీ అంతే. 1680లో ఐదవ దలైలామా ఇచ్చిన శాసనంతోనే చుట్టుపక్కల ఊళ్ల నుంచి మఠానికి ధాన్యం రావాలన్న ఏర్పాటు జరిగింది. ఇవి మెట్ట పొలాలు. బార్లీ, మొక్కజొన్న, రాగులు లాంటివి పండుతాయి. మన గోదావరి జిల్లాల్లోలాగా మూడు పంటలు కావు. వెన్న జడలబర్రెలది. పాలు పితికేది, చిలికేది, ధాన్యం చెరిగి మూట కట్టేది ఎవరో నేను చెప్పక్కర్లేదు కదా! మోన్‌పా ఆడవాళ్లు పొలం పనిలోనూ, మగ్గం పనిలోనూ తీరిక లేకుండా ఉంటారు. ఎరి పట్టు మీద ఎర్ర చారలు నేసిన అంగీ, నెత్తిన జడలబర్రె వెంట్రుకలతో చేసిన టోపీ. ఆ టోపీకి అయిదు పిలకలు కిందికి వేలాడుతుంటాయి. వాన పడితే నీళ్లు ముఖం మీదికి రాకుండా ఆ పిలకల మీదుగా జారిపోతాయి.

మధ్య కొడుకు

ఊళ్ల నుంచి ధాన్యం ఒక్కటే రాదు, పిల్లలూ వస్తారు. ఇంట్లో ముగ్గురు మగపిల్లలుంటే మధ్యవాణ్ణి మఠానికి ఇవ్వాలన్నది అక్కడి పాత ఆచారం. పెద్దవాడు ఇల్లు చూసుకోవాలి, చిన్నవాడు తల్లిదండ్రుల దగ్గర ఉండాలి, మధ్యవాడు దేవుడికి. ఏడెనిమిదేళ్లకే తీసుకొచ్చి అప్పగించేవారు.

మేము ముంగిట్లో ఎండకు కూర్చుని ఉండగా ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. వీపున బుట్ట. పూట ప్రయాణం చేసి కొడుకును చూడ్డానికి వచ్చిందట. తొమ్మిదేళ్ల పిల్లాడు గబగబా వచ్చాడు కానీ అమ్మ మీద పడిపోలేదు. రెండడుగుల దూరంలో ఆగి నిలబడ్డాడు. ఆవిడే ముందుకు వంగి వాడి చెప్పుల పట్టీ సరిచేసింది. బుట్టలోంచి చుర్పీ తీసి ఇచ్చింది. చుర్పీ అంటే ఎండబెట్టిన జున్నుముక్కలు. రాయిలా ఉంటాయి. బుగ్గన పెట్టుకుంటే గంటసేపు చప్పరించొచ్చు.

మా డ్రైవరు అబ్బాయి కూడా మోన్‌పానే. అతన్ని మధ్యన పెట్టుకుని ఆవిడతో మాట్లాడాను. పిల్లాణ్ణి వదిలిపెట్టి వెళ్లాక బెంగ పడలేదా అని అడిగాను. "మొదటి ఏడాది వాడి ముద్ద వేరుగా తీసి పెట్టేదాన్ని. చల్లారాక కుక్కకు వేసేదాన్ని" అని చెప్పింది. ఏడవలేదు. మామూలుగా చెప్పింది. మా తోటికోడలు మాత్రం ముఖం పక్కకు తిప్పుకుంది.

మీకెంతమంది పిల్లలని ఆవిడ నన్ను అడిగింది. ఇద్దరు, అబ్బాయి పదహారో ఏటే ఇంటర్మీడియట్ చదవడానికి హాస్టల్‌కు వెళ్లాడు, ఆ తర్వాత ఇంజనీరింగు వేరే రాష్ట్రంలో, ఇప్పుడు పుణెలో ఉద్యోగం అని చెప్పాను. ఆవిడ డ్రైవరును ఏదో అడిగింది. అతను నవ్వేశాడు. "మీ అబ్బాయి ఏ మఠంలో చేరాడని అడుగుతోంది ఆంటీ!"

"ఎంపీసీ మఠం అని చెప్పవయ్యా" అన్నారు మా వారు. అందరం నవ్వాం. ఆవిడ కూడా, ఏమిటో అర్థం కాకపోయినా నవ్వింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఏడెనిమిదేళ్ల పిల్లాడి బతుకేమిటో పెద్దవాళ్లు తేల్చేయడం నాకు మనసొప్పలేదు. అదే మాట డ్రైవరుతో అంటే, "ఇప్పుడు ఇంటికి ఇద్దరే పిల్లలు ఆంటీ, ఇక మధ్యవాడెక్కడ?" అన్నాడు. నిజమే. అయితే ఇప్పటి పిల్లలకు మఠంలోనే శాస్త్రాలతో పాటు హిందీ, ఇంగ్లీషు, లెక్కలు కూడా నేర్పుతున్నారు. సాయంత్రం ఆ పిల్లాడే ముంగిట్లో కొంగు దోపుకున్నట్టు ఎర్రబట్ట నడుముకు చుట్టుకుని ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. వాళ్లమ్మ అప్పటికే వెళ్లిపోయింది.

తిరిగి రాని పిల్లాడు

తవాంగ్ ఊరికి దగ్గర్లోనే ఉర్గెల్లింగ్ అనే చిన్న గుడి ఉంది. తప్పకుండా చూడండి. 1683లో అక్కడ త్సెవాంగ్ ల్హామో అనే తల్లికి పుట్టిన పిల్లాడే ఆరవ దలైలామా త్సాంగ్‌యాంగ్ గ్యాత్సో. ఐదవ దలైలామా 1682లోనే కన్నుమూసినా, ఆ సంగతి ఏళ్ల తరబడి బయటికి పొక్కనివ్వలేదు అప్పటి మంత్రి. అందుకని కొత్త దలైలామా ఈ పిల్లాడేనని గుర్తించినా ఎవరికీ చెప్పలేదు. ఊహ తెలియని వయసులో తల్లిదండ్రులతో సహా ఊరు దాటించి పన్నెండేళ్ల పాటు దాదాపు నిర్బంధంలో ఉంచారు. 1697లో లాసాలో గద్దెనెక్కించారు. ఆ పిల్లాడికి గద్దె మీద మనసు లేదు. దీక్ష వస్త్రాలు తిరిగి ఇచ్చేసి, పాటలు కట్టుకున్నాడు. ప్రేమ పాటలు. 1706లో గద్దె దించి తీసుకుపోతుండగా దారిలోనే పోయాడంటారు. ఇరవై మూడేళ్లు! సొంత ఊరు మళ్లీ చూడలేదు.

వెళ్లే ముందు ఆ పసివాడు నేలలో గుచ్చిన కర్రే చెట్టయిందని గుడి దగ్గర ఒక పెద్ద చెట్టును చూపిస్తారు. ఆ చెట్టు కింద మొక్కుకునే ఆడవాళ్లను చూశాను. దలైలామాకు మొక్కుతున్నారో, వెళ్లిపోయిన తమ పిల్లలు చల్లగా ఉండాలని మొక్కుతున్నారో మరి.

కోట మీదికి ఎవరొచ్చినా

చాలాకాలం ఈ ఊళ్లు టిబెట్ అధికారులకు పన్నులు కట్టాయి, వాళ్ల సామాన్లు మోశాయి. 1951 ఫిబ్రవరిలో మేజర్ బాబ్ ఖాతింగ్ వచ్చి భారత పతాకం ఎగరేశాక ఆ బాధ తప్పింది. 1959 మార్చి 31న ఇప్పటి దలైలామా టిబెట్ నుంచి తప్పించుకుని ఈ సరిహద్దులోనే మన దేశంలో అడుగుపెట్టారు. అప్పటికి ఆయనకు 23 ఏళ్లు. తవాంగ్‌లో కొన్నాళ్లు సేదదీరి తేజ్‌పూర్‌కు దిగారు. 1962 అక్టోబరులో చైనా సైన్యం తవాంగ్‌ను ఆక్రమించింది. నవంబరులో యుద్ధం ఆగాక వెనక్కి వెళ్లిపోయింది. మఠం మాత్రం నిలిచింది. 1997లో మరమ్మతులు చేశాక దలైలామాయే వచ్చి ప్రతిష్ఠ జరిపారు.

ఊళ్లోనే స్తూపం ఆకారంలో యుద్ధ స్మారకం ఉంది. ఈ ప్రాంతంలో 1962లో ప్రాణాలిచ్చిన 2,420 మంది సైనికుల పేర్లు గోడల మీద చెక్కారు. పంజాబు, కుమావూ, బీహారు, రాజస్థాన్... ఎక్కడెక్కడి పిల్లలో. పేర్లన్నీ చదవాలని మొదలుపెట్టి, ఒక గోడ కూడా పూర్తి చేయలేకపోయాను.

వెళ్లాలనుకునేవారికి

అరుణాచల్‌కు వెళ్లాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరి. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. బూమ్ లా సరిహద్దు చూడాలంటే తవాంగ్‌లో విడిగా అనుమతి తీసుకోవాలి. మార్చి నుంచి మే వరకు, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి నవంబరు వరకు బాగుంటుంది. వానాకాలం కొండచరియలు విరిగిపడతాయి, వద్దు. గౌహతి నుంచి ఒక్క రోజులో ఎక్కేద్దామని తొందరపడకండి. దిరాంగ్‌లోనో బొమ్‌డిలాలోనో ఒక రాత్రి ఆగితే ఒళ్లు ఎత్తుకు అలవాటు పడుతుంది. బీపీ, ఆయాసం ఉన్నవాళ్లు ముందే డాక్టరును అడగండి.

శాకాహారులకు అన్నం, పప్పు, బంగాళాదుంప కూర దొరుకుతాయి. కందిపొడి, ఆవకాయ మాత్రం మరిచిపోకండి. మందిరంలోకి వెళ్లేటప్పుడు చెప్పులు, టోపీ తీసేయాలి. ప్రదక్షిణ మనలాగే కుడివైపుగా. ఫోటో తీసే ముందు అడగండి, పిల్లల్ని తీసేటప్పుడు మరీను. హుండీలో డబ్బు వేసినా సరే, దీపానికి వెన్న ఇచ్చినా సరే. సంక్రాంతి రోజుల్లో వెళ్లగలిగితే తోర్గ్యా పండుగ చూడొచ్చు. మూడు రోజులు ముఖాలకు తొడుగులు పెట్టుకుని సన్యాసులు నాట్యం చేస్తారు. చుట్టుపక్కల ఊళ్ల తల్లులందరూ ఆ మూడు రోజులూ అక్కడే ఉంటారట. చలికి మాత్రం సిద్ధపడి వెళ్లాలి.

వీలైతే మీ పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. హాస్టల్లో ఉంటే వాళ్ల సెలవులు చూసుకుని మరీ తీసుకెళ్లండి.